మనస్సు కోసం ప్రార్థించాము, కాలు చూడలేదు



మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. అరవై ఏళ్ళు దాటాయి. యవ్వనంలోనే స్కిజోఫ్రీనియా వచ్చింది. ప్రతి ఉపవాస ప్రార్థనలో ఆయన మనస్సు కోసం మొరపెట్టాము. ఆయన కుంటుతూ రావడం అందరం చూశాము, ఎవరమూ అడగలేదు. పాదం మీద పుండు ముదిరాక గానీ షుగరు ఉందని తెలియలేదు. మొదట చూపించిన చోట, "మెంటల్ కదండీ, ఏదో ఒకటి అంటూనే ఉంటాడు" అన్నారు. మాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి మోకరించాక, మేము చేసిందీ అదేనని అర్థమైంది.

ఈ జబ్బు ఉన్నవారు మిగతావారికన్నా ముందుగా చనిపోయే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తరచుగా ప్రాణం తీసేది గుండెజబ్బు, షుగరు, అంటురోగాల వంటి ఒంటి జబ్బులే. కొన్ని మాత్రలతో బరువు, షుగరు పెరుగుతాయి. కొన్నిటితో చేతులు వణికి, కాళ్ళు బిగుసుకుంటాయి. ముసలితనంలో అలా పడితే తుంటి విరుగుతుంది. ఈ జబ్బే నడవాలన్న, స్నానం చేయాలన్న ఆసక్తిని తీసేస్తుంది. దానికి తోడు మన వైపు చుట్ట ఒకటి. అన్నిటికన్నా పెద్ద కష్టం, ఇన్నాళ్ళూ మాత్ర చేతిలో పెట్టిన అమ్మ వెళ్ళిపోవడం.

అలాగని మాత్రలు మానిపించకండి. "ప్రార్థన చేయించుకున్నాక మందులెందుకు?" అనేవారు మనలోనే ఉన్నారు. ఆ మాట విశ్వాసము కాదు, ప్రమాదము. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఇబ్బంది ఉంటే డాక్టరుగారికి చెప్పండి, ఆయనే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు.

ఏలీయా చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పంపాడు. తరువాతే మాట్లాడాడు. మనం మాత్రం ప్రసంగంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నాము.

"పాస్టరుగారూ, సంఘమేమైనా ఆసుపత్రా?" అని అడగవచ్చు. కాదు. అయితే పక్షవాయువు గలవానిని మోసుకొచ్చిన ఆ నలుగురూ వైద్యులు కారు. వారు చేసింది మోయడమే. మనమూ మోయగలము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు, తోడు వెళ్ళండి. నెలకొకసారి వారి పాదాలు, పళ్ళు, బరువు గమనించండి. యవ్వనస్థులారా, సాయంత్రం వారితో కలిసి కాస్త నడవండి. చెరకు, బెల్లం పండే నేల మనది. ప్రేమతో ఇంకో గరిటె పరమాన్నం వడ్డించే ముందు వారి షుగరు ఎంతో కనుక్కోండి. ఒంటి జబ్బు ఉన్నవారికి ఇచ్చే వైద్యంతో సమానమైన వైద్యం వీరికీ అందాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఎవరైనా తీసిపారేస్తే ఆ మాట గుర్తుచేయండి. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. సలహా కోసం 14416 కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆ పెద్దాయన పుండు మానింది, రెండు వేళ్ళు మాత్రం పోయాయి. ఆదివారం ఆయన ముందు వరుసలో కూర్చుంటారు. ఇప్పుడు మేము "ప్రార్థన చేద్దామా?" అనే ముందు "కాలెలా ఉందండీ?" అని అడుగుతున్నాము. ఈ వారం మీరూ ఒకరిని అడగండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.