పాటలో సగం

1955 డిసెంబరు 24. తెల్లారితే క్రిస్మస్ పండగ. న్యూయార్కు నగరంలో బట్టల దుకాణంలో ఇస్త్రీ పని చేసుకునే ఓటిస్ బ్లాక్‌వెల్ అనే నల్లజాతి యువకుడు తాను కట్టిన ఆరు పాటలు పట్టుకుని పాటల వ్యాపారుల దగ్గరికి పోయాడు. చేతిలో పైసా లేదు. పాటకు 25 డాలర్ల లెక్కన ఆరింటికీ 150 డాలర్లు చేతిలో పెట్టారు. పండగ గడిచింది.

ఆ ఆరింటిలో ఒకటి 'డోంట్ బి క్రూయెల్'. ఆరు నెలలు తిరిగేసరికి, 1956 జూలైలో, దాన్ని ఎల్విస్ ప్రెస్లీ పాడాడు. రాకెన్ రోల్ సంగీతానికి రాజు అని లోకమంతా కిరీటం పెట్టిన తెల్ల గాయకుడు ఆయన. 1977లో చనిపోయాడు. ఇప్పటికీ ఆయన బొమ్మలు, పాటలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. ఆ పాట అమెరికాలో 11 వారాల పాటు మొదటి స్థానంలో కూర్చుంది. రికార్డు మీద రాసినవాళ్ళ పేర్లు చూస్తే రెండున్నాయి. ఒకటి బ్లాక్‌వెల్, రెండోది ప్రెస్లీ. మరి ప్రెస్లీ ఆ పాటలో ఏం రాశాడు? ఒక్క మాట కూడా రాయలేదు. ఆయన పాడేవాడే గాని పాటలు రాసేవాడు కాదు.

మరి పేరు ఎట్లా ఎక్కింది? ఎల్విస్ వ్యవహారాలన్నీ చూసేది టామ్ పార్కర్. ఈయన్ని అందరూ 'కల్నల్' అనేవాళ్ళు. యుద్ధంలో సంపాదించిన హోదా కాదులెండి, ఒక గవర్నరు ఇచ్చిన గౌరవ బిరుదు. ఈయనా, 'హిల్ అండ్ రేంజ్' అనే పాటల హక్కుల కంపెనీ కలిసి ఒక పద్ధతి పెట్టారు. ఎల్విస్ నీ పాట పాడాలంటే రాబడిలో వాటా వదులుకోవాలి. ఇష్టమైతే సంతకం పెట్టు, లేకుంటే పాట నీ దగ్గరే ఉంచుకో. ఓటిస్ సంతకం పెట్టాడు. తన సగం తాను వదులుకున్నాడు.

ఆయన తెలివితక్కువవాడేం కాదు. ఎవరూ పాడని పాటకు మొత్తం హక్కు ఉంటే మాత్రం ఏం తింటాడు? మా నాన్న కూడా అప్పు కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు అందులో ఏం రాసుందో అడిగేవాడు కాదు. అడిగితే ఆ పూట గింజలు దొరకవు. చదువొచ్చినవాడికీ అదే గతి పట్టేచోట్లు ఉన్నాయని నాకు ఓటిస్ కథ చదివాకనే అర్థమైంది.

ఎల్విస్‌కు పాటలిచ్చిన వాళ్ళందరిలో నాకు ఓటిస్ అంటేనే ఇష్టం. 'ఆల్ షుక్ అప్' ఆయన పాటే. 1962లో వచ్చిన 'రిటర్న్ టు సెండర్' ఇంకొకాయనతో కలిసి రాశాడు. ఈ పాటల్లో పెద్ద పెద్ద మాటలుండవు. వీధిలో మాట్లాడుకునే మాటలే, నడకలో పడతాయి. పాట రాసి ఊరుకోకుండా తానే పాడి, నమూనా రికార్డు చేసి పంపేవాడు. ఆ నమూనాలో ఆయన గొంతు ఎక్కడ విరుస్తాడో ఎక్కడ తేలుస్తాడో ఎల్విస్ దాన్ని దగ్గరగా పట్టుకునేవాడు. అంటే రాజుగారి గొంతులో కూడా ఇస్త్రీ పనివాడి గొంతు ఉంది. ఇంత చేసీ ఈ ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా ముఖాముఖి కలుసుకోలేదు! ఓటిస్ 2002లో కన్నుమూశాడు.

మా వృత్తి మనిషి కూడా ఒకామె ఈ కథలో ఉంది. మే బోరెన్ ఆక్స్‌టన్, ఫ్లోరిడాలో బడిపంతులమ్మ. తెల్లామె. 1956లో ఎల్విస్‌ను దేశమంతా ఎరిగేలా చేసిన 'హార్ట్‌బ్రేక్ హోటల్' పాటను టామీ డర్డెన్‌తో కలిసి ఆమే రాసింది. అందులోనూ మూడో పేరు ఎల్విస్‌దే. కాబట్టి ఈ వాటా గుంజడం నల్లవాళ్ళ దగ్గరే కాదు, తెల్లవాళ్ళ దగ్గరా జరిగింది. కాకపోతే నల్లవాళ్ళకు పక్కన ఇంకో తలుపు లేదు.

'డోంట్ బి క్రూయెల్' రికార్డుకు రెండోవైపు చూడండి. అక్కడున్నది 'హౌండ్ డాగ్'. దీన్ని రాసింది లీబర్, స్టాలర్ అనే ఇద్దరు యూదు కుర్రాళ్ళు, అప్పటికి 19 ఏళ్ళవాళ్ళు. రాసింది బిగ్ మామా థోర్న్‌టన్ అనే నల్లజాతి గాయని కోసం. 1952లో ఆమె పాడితే, 1953లో నల్లవాళ్ళ పాటల పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆమె తనకు ముట్టింది 500 డాలర్ల చెక్కు ఒక్కటే అని చెప్పుకుంది. అదే పాటతో ఎల్విస్ లక్షల రికార్డులు అమ్మాడు. ఆమె 1984లో లాస్ ఏంజెల్స్‌లో ఒక అద్దె గదుల ఇంట్లో పేదరికంలో పోయింది.

అట్లాగని ఎల్విస్‌ను దొంగ అనేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆయనా కూటికి లేని ఇంటి పిల్లవాడే. మిసిసిపిలోని టుపెలోలో రెండు గదుల ఇంట్లో పుట్టాడు. దొంగ చెక్కు కేసులో తండ్రి జైలుకు పోయాడు. ట్రక్కు తోలుకుంటూ పాటలోకి వచ్చాడు. ఈ సంగీతాన్ని తనకన్నా ముందు నల్లవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా పాడుతున్నారని, టుపెలోలో ఆర్థర్ క్రుడప్ పాట వింటూ పెరిగానని 1956లోనే ఒక పత్రికతో చెప్పాడు. ఆ మాట చెప్పాడు, నిజమే. వాటా కాగితాలు మాత్రం మార్చలేదు.

కాదన్న మనిషి ఒకామె ఉంది. డాలీ పార్టన్. టెన్నెస్సీ కొండల్లో 12 మంది పిల్లల పేద రైతు ఇంట్లో పుట్టింది. ఆమె రాసి, 1974లో విడుదల చేసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పాటను ఎల్విస్ పాడతానన్నాడు. పార్కర్ మామూలుగానే సగం హక్కు అడిగాడు. ఇవ్వనంది. ఆ రాత్రంతా ఏడ్చానని తర్వాత చెప్పుకుంది. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడినప్పుడు వచ్చిన హక్కు డబ్బంతా డాలీదే అయింది. ఆమె ధైర్యం మెచ్చుకోవలసిందే. కానీ అప్పటికే ఆమె పేరున్న గాయని, ఆ పాటను తానే పాడి నెగ్గించుకుంది. పండగ ముందురోజు ఖాళీ జేబుతో నిలబడ్డ ఓటిస్‌ను, నువ్వెందుకు కాదనలేదని అడగలేం.

సరిగ్గా అదే 1974లో, మార్చి నెలలో, ఆర్థర్ క్రుడప్ వర్జీనియాలో చనిపోయాడు. 1954లో ఎల్విస్ మొట్టమొదటి రికార్డు మీదున్న 'దట్స్ ఆల్ రైట్' ఈయన పాటే. తాను 1946లో పాడాడు. షికాగోలో రైలు వంతెన కింద చెక్కపెట్టెలో పడుకున్నవాడు ఆ పాట కట్టాడు. రికార్డు మీద ఆయన పేరు అచ్చయింది, డబ్బు మాత్రం హక్కులున్నవాళ్ళకు పోయింది. పాటలతో బతకలేక మళ్ళీ కూలి పనికి పోయాడు. 1971లో డిక్ వాటర్‌మన్ అనే మేనేజరు కొట్లాడి 60 వేల డాలర్లకు రాజీ కుదిర్చాడు. క్రుడప్ పిల్లల్ని వెంటబెట్టుకుని న్యూయార్కు దాకా పోయాడు. తన సంతకం పెట్టాడు. హక్కుల కంపెనీవాళ్ళు చివరి నిమిషంలో మేం పెట్టం పొమ్మన్నారు. ఆయన ఖాళీ చేతులతో ఇంటికి తిరిగాడు. ఆయన పోయాక, ఆ కంపెనీ చేతులు మారే సమయంలో వాటర్‌మన్ మళ్ళీ పట్టుబడితే, 2 లక్షల డాలర్లకు పైగా బకాయి ఆయన కుటుంబానికి అందింది.