కొట్టివేత కూడా కనపడాల



గూళ్ల మార్కెట్లో తూకం తప్పు రాస్తే పాత అంకె మీద గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాల. చీటీనే చించేస్తే మనం ఊరుకుంటామా? సర్కారు ఇంటింటి సర్వేల లెక్కలకూ ఇదే పద్ధతి కావాలంటాను.

2017-18లో ఇంటి ఖర్చుల మీద దేశమంతా సర్వే చేసినారు. 2019 నవంబరులో, లెక్కల నాణ్యత బాగలేదు, బయట పెట్టం అన్నారు. తప్పులుంటే ఎక్కడో చెప్పి, దిద్ది ఇవ్వొచ్చు గదా? మళ్లీ సర్వే 2022-23లో జరిగింది. అంతవరకూ 2011-12 నాటి ఖర్చే మన ఖర్చు. చిల్లర ధరల సూచీ కూడా దాని మీదే నడిచింది.

మనకేం పని అంటారేమో. 2019 రైతు కుటుంబాల సర్వేలో పట్టుపురుగుల పెంపకమూ వ్యవసాయం కిందే లెక్క. నెలకు కుటుంబ రాబడి 10,218 రూపాయలని పేపర్లలో వచ్చింది. అది చేతి నుంచి పెట్టిన ఖర్చు మాత్రమే తీసేసిన అంకె. ఇంటి నుంచి పెట్టినవాటికీ వెల కడితే 8,337. సొంత తోట ఆకు కొనలేదు గదా అని దాని వెల సున్నా అవుతుందా?

పేర్లు తీసేసిన ఈ సర్వే ఫైళ్లు ఎవరైనా చూడొచ్చు. దిద్దినప్పుడు ఏ తేదీన, ఏ అంకె, ఎందుకు మార్చినారో రాసి, పాత ఫైలునూ పక్కనే ఉంచాల. ఇది పెద్ద ఖర్చు పని కాదు.

మీ ఇంటికి సర్వేవాళ్లు వస్తే ఆకు, గుడ్లు, గూళ్ల లెక్క రాసుకున్నాక ఒకసారి చదివి వినిపించమనండి.