తిరగేసినంత మాత్రాన పాసివ్ వాయిస్ కాదు

పాసివ్ వాయిస్ అనగానే మన బడుల్లో చదువుకున్న వాళ్లకు గుర్తొచ్చేది ఒకటే వాక్యం: రాముని చేత రావణుడు చంపబడెను. కర్మను ముందుకు తెచ్చి, కర్తను వెనక్కి పంపి, మధ్యలో 'వాజ్', చివర 'బై' తగిలిస్తే పని అయిపోయిందన్న నమ్మకం అక్కడే మొదలైంది. అర్థం ఒకటే, రూపమే వేరు అని పదో తరగతిలో చెబుతారు. పోటీ పరీక్షల కోచింగ్‌లోనూ అదే పాఠం. ఈ నమ్మకం తప్పు. ఎంత తప్పో ఫ్రేజల్ వర్బ్‌ల దగ్గరికొచ్చేసరికి బయటపడుతుంది.

'షీ లుక్డ్ ఆఫ్టర్ ద చైల్డ్' అన్న వాక్యాన్ని మార్చమంటే చాలామంది పిల్లలు 'ద చైల్డ్ వాజ్ లుక్డ్ బై హర్' అని రాస్తారు. 'ఆఫ్టర్' మాయమైపోతుంది. పిల్లల తెలివితక్కువతనం కాదది. ప్రిపొజిషన్ తర్వాత నామవాచకం ఉండాలని వాళ్లకు నేర్పాం. ఆ నామవాచకం వాక్యం మొదటికి వెళ్లిపోయింది కాబట్టి ఇక ప్రిపొజిషన్‌కు చోటు లేదనుకుని తీసేశారు. మనం నేర్పిన సూత్రాన్ని వాళ్లు బుద్ధిగా పాటించారు. 'లుక్ ఆఫ్టర్' రెండు మాటలుగా కనిపించే ఒకే క్రియ, అంటే ఫ్రేజల్ వర్బ్ అని మాత్రం మనం చెప్పలేదు. 'లుక్' అంటే చూడడం, 'లుక్ ఆఫ్టర్' అంటే ఆలనాపాలనా చూసుకోవడం. తెలుగు పిల్లలకు ఇది కొత్త సంగతేమీ కాదు. కొట్టడం వేరు, కొట్టిపారేయడం వేరు. 'ఆయన వాదనను కొట్టిపారేశారు' అన్న వాక్యంలోంచి 'పారేయడం' తీసేస్తే మిగిలేది ఇంకేదో అర్థం. ఈ ఎరుక పిల్లల దగ్గర ఉంది. ఇంగ్లీషు తరగతిలో దాన్ని ఎవరూ వాడుకోరు.

అసలు సూత్రమే నిజమైతే ప్రతి వాక్యమూ తిరగబడాలి కదా. 'ఎ డెసిషన్ వాజ్ అరైవ్డ్ ఎట్' అంటే చక్కటి ఇంగ్లీషు. 'ద స్టేషన్ వాజ్ అరైవ్డ్ ఎట్' అంటే ఇంగ్లీషు వాళ్ల చెవికి ఎబ్బెట్టు. క్రియ అదే, ప్రిపొజిషన్ అదే. 'ఎ హ్యూజ్ బిల్ వాజ్ రన్ అప్' అనొచ్చు. పరుగెత్తి కొండెక్కినప్పుడు 'ద హిల్ వాజ్ రన్ అప్' అనలేం. కొత్త నిర్ణయం మనుషులు కూర్చుని ఆలోచిస్తే ఏర్పడింది, బిల్లు ఖర్చు పెట్టబట్టి పెరిగింది. స్టేషన్‌కైనా కొండకైనా మనం వెళ్లడం వల్ల ఏమీ కాలేదు. అమెరికన్ భాషావేత్త డ్వైట్ బోలింజర్ 1975లో దీని మీద రాస్తూ, ఆ పని వల్ల నిజంగా ప్రభావితమైన వస్తువే పాసివ్ వాక్యానికి తలగా నిలబడగలదని వాదించాడు. 'దిస్ బెడ్ హ్యాజ్ బీన్ స్లెప్ట్ ఇన్' అన్న వాక్యం చూడండి. అది వినగానే నలిగిన దుప్పటి కనబడుతుంది. ఎవరు పడుకున్నారన్నది ఇక్కడ అక్కర్లేదు. పడుకోవడం వల్ల మంచానికి ఏమైందన్నదే విషయం. అందుకే 'స్లెప్ట్ ఇన్' కుదిరింది. మంచం పక్కన నేల మీద ఎవరో పడుకున్నారని 'స్లెప్ట్ బిసైడ్' అంటే కుదరదు. అంటే పాసివ్ వాక్యం ఎవరి కథ చెబుతున్నామో ఎంచుకునే పద్ధతి. యాక్టివ్ వాక్యానికి అది మారువేషం కాదు.

ఇంకో వాదన పైస్థాయిలో వినిపిస్తుంది. ఫ్రేజల్ వర్బ్‌లు వీధిభాష, పాసివ్ వాయిస్ నీరసం, మర్యాదగా రాయాలంటే రెండూ వదిలెయ్యమంటారు. దీని వెనక పెద్దపేర్లే ఉన్నాయి. యాక్టివ్ కుదిరిన చోట పాసివ్ వాడొద్దని జార్జ్ ఆర్వెల్ 1946లో రాశాడు. అలా రాసిన వ్యాసంలోనే పాసివ్ వాక్యాలు కావలసినన్ని ఉన్నాయి. ఇక పాసివ్ చేసినప్పుడు ఫ్రేజల్ వర్బ్ తోక తరచూ వాక్యం చివరికొస్తుంది, దాని మీదా అభ్యంతరమే. వాక్యం ప్రిపొజిషన్‌తో ముగియడం దోషమని 1672లో జాన్ డ్రైడెన్ తనకంటే ముందుతరం కవి బెన్ జాన్సన్‌ను తప్పుపట్టాడు. ఆ తర్వాత తన పాత రచనల్లోని అలాంటి వాక్యాలను తానే దిద్దుకున్నాడు. ఇంగ్లీషు భాష మాత్రం ఆయన మాట వినలేదు. 1926లో నిఘంటుకారుడు ఫౌలర్ ఆ నియమాన్ని మూఢనమ్మకమనే తేల్చేశాడు. అయినా మన దగ్గర ఇప్పటికీ 'వాక్యం చివర ఆఫ్, అప్, ఆఫ్టర్ ఉండకూడదు' అంటూ ఎర్రసిరాతో గీతలు గీస్తున్నారు.

వీధిభాష అన్నవాళ్లు ఒక్కసారి సుప్రీంకోర్టు వైపు చూడాలి. 2015లో ఐటీ చట్టం 66ఎ సెక్షన్ 'వాజ్ స్ట్రక్ డౌన్'. 2024 ఫిబ్రవరిలో ఎలక్టోరల్ బాండ్ల పథకం 'వాజ్ స్ట్రక్ డౌన్'. 2018లో ఐపీసీ 377 సెక్షన్ 'వాజ్ రెడ్ డౌన్', అంటే సెక్షన్‌ను మొత్తంగా ఎత్తేయకుండా దాని పరిధిని కుదించారు. ఈ మాటలు లేకుండా మన రాజ్యాంగ చర్చ ఇంగ్లీషులో నడవదు. 'రెడ్ డౌన్'లోంచి 'డౌన్' తీసేస్తే సెక్షన్‌ను చదివారు అని మాత్రమే మిగులుతుంది. దేశంలో అత్యున్నత న్యాయస్థానం తీర్పుల గురించి మాట్లాడే భాషను పిల్లలకు మొరటు భాషని చెప్పడం అన్యాయం.

పాసివ్ పని చేసినవాణ్ణి దాచేస్తుందన్న భయంలో ఒక నిజం ఉందని ఒప్పుకుంటాను. 'ద హౌసెస్ వర్ పుల్డ్ డౌన్' అని ఆపేస్తే కూల్చినవాడు తప్పించుకుంటాడు. అయితే దాచేది మనిషి, వ్యాకరణం కాదు. తెలుగులో 'ఇళ్లు కూల్చేశారు' అన్నా అంతే దాగుతుంది, అది యాక్టివే. పైగా పాసివ్‌లో 'బై' పెట్టి పేరు చెబితే ఆ పేరు వాక్యం చివర, బరువు పడే చోట నిలబడుతుంది. నిందను ఎత్తి చూపడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఇప్పుడు ఉద్యోగం పోయిన మనిషిని తలచుకోండి. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్న తెలుగువాళ్లకు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ రోజుల్లో ప్రతి ఇంటర్వ్యూలోనూ వాళ్లు చెప్పాల్సిన వాక్యం 'ఐ వాజ్ లెయిడ్ ఆఫ్'. తప్పు చేశాడని తీసేయలేదు, కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంది అన్న సంగతంతా ఆ 'ఆఫ్'లో ఉంది. ఇక్కడ 'బై మై కంపెనీ' అవసరం లేదు, యాక్టివ్‌లోకి మార్చాల్సిన పనీ లేదు. మార్చబోతే 'దే లెయిడ్ ఆఫ్ మి' అని తడబడే ప్రమాదం ఉంది. యాక్టివ్‌లో ఇలాంటి క్రియలకు 'మి', 'ఇట్' లాంటి సర్వనామం మధ్యలోనే దూరాలి: 'లెయిడ్ మి ఆఫ్', 'కాల్డ్ ఇట్ ఆఫ్'. నామవాచకమైతే మధ్యలోనూ ఉండొచ్చు, చివరా ఉండొచ్చు. పాసివ్‌లో ఈ చిక్కే లేదు. కర్మ ముందుకెళ్లిపోయింది కనుక క్రియా, దాని తోకా పక్కపక్కనే ఉంటాయి. మనం చివరి పాఠంగా, కష్టమైన పాఠంగా పెట్టింది నిజానికి సులువైంది.

మన భాష కూడా ఇందుకు సాయం చేస్తుంది, 'బడు'ను పక్కన పెడితే. 'ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు మీద రాసినవాళ్లు కూడా ఇంట్లో అలా మాట్లాడరు. 'నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు', 'పెళ్లి వాయిదా వేశారు', 'అర్జీ తిప్పి పంపారు' అంటాం. ఎవరన్నది చెప్పం, ఎవరికేమైందో ముందు చెబుతాం. ఇంగ్లీషు పాసివ్ చేసే పని సరిగ్గా ఇదే. 'చేత చంపబడెను' దగ్గర కాకుండా 'వాయిదా వేశారు' దగ్గర మొదలుపెడితే 'ద వెడ్డింగ్ వాజ్ పుట్ ఆఫ్' పిల్లలకు తమ మాటలాగే వస్తుంది.

కాబట్టి వాక్యాన్ని మార్చమనే ప్రశ్నను ప్రశ్నపత్రం లోంచి తీసేయాలి. దాని బదులు ఒక సందర్భం ఇవ్వండి: వానపడి మ్యాచ్ రద్దయింది, టికెట్ కొన్న స్నేహితుడికి కబురు రాయి. 'ద మ్యాచ్ వాజ్ కాల్డ్ ఆఫ్' అని రాసిన పిల్లకు పూర్తి మార్కులు వేయండి. 'బై ద అంపైర్స్' రాయలేదని అర మార్కు కోయకండి.