సోమవారం మాత్రమే

ఆమవాతానికి నేను వాడుతున్న మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కనాడే వేసుకోవలసిన మందు. గుణం కనబడడానికి 6 నుండి 12 వారాలు పడుతుంది. అంతదాకా ఓపిక పట్టాలి. నొప్పి తగ్గిందని మనంతట మనం మానరాదు, కీళ్ళు మరల వాచే ప్రమాదముంది. దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆసిడ్, కాలేయం, రక్తకణాల స్థితి తెలియడానికి వేళకు రక్తపరీక్షలు తప్పవు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నా భయమంతా మందుచీటీ గురించే. పొరపాటున ఈ మాత్రను ప్రతిదినం మింగితే ప్రాణాపాయం. ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి బస్సులో వచ్చి మందులు కొనుక్కొని పోయే పెద్దలలో ఆంగ్లం చదువలేనివారు ఎందరో! వారి చీటీపై ‘సోమవారం మాత్రమే’ అని తెలుగులో వ్రాయడం భారమా? భాషాభిమానం సభలకే పరిమితం కారాదు.

మిత్రులారా, మీ ఇంటి పెద్దల చీటీలు చూడండి. వైద్యులు చెప్పిన వారమేదో తెలుగులో, పెద్ద అక్షరాలతో వ్రాసిపెట్టండి.