డీజిల్ లెక్క అందరూ వేస్తారు, నీళ్ళ లెక్క ఎవరేస్తారు?



ఎప్పుడూ మిరప, పత్తి గురించి రాసే వీడు ఈసారి జీపు యాత్రల గురించి రాస్తున్నాడేంది అనుకోకండి. మన ఊళ్ళ పిల్లలు ఇప్పుడు పెద్ద బండ్లు కొనుక్కుని లడఖ్ పోతున్నారు. పోనివ్వండి, దేశం చూడాల్సిందే. కానీ వాళ్ళు వేసే లెక్కలో ఒక తప్పుంది. అది నా కళ్ళతో చూశాను గనక చెబుతున్నా.

పోయిన జూన్‌లో మా తమ్ముడి కొడుకు, వాడి స్నేహితులు ఇద్దరు మనాలి నుంచి లేహ్‌కి బండి మీద పోతూ "పెదనాన్నా, నువ్వూ రా" అన్నారు. మిరప నారుకి ఇంకా టైముంది కదా అని బయల్దేరాను. అటల్ సొరంగం దాటి లాహౌల్‌లోకి దిగాక తాండి దగ్గర పెట్రోల్ బంకు వుంటుంది. తర్వాత బంకు 365 కిలోమీటర్లు అనే బోర్డుకి ఆ చోటు పేరుపడింది. మావాళ్ళు అక్కడ 57 లీటర్ల ట్యాంకు నింపి, పైన క్యారియర్ మీద మూడు 20 లీటర్ల క్యాన్లు మూతిదాకా పోయించారు. నీళ్ళు ఎన్ని వున్నాయిరా అంటే లీటరు సీసాలు రెండు పెట్టెలు చూపించారు. అంటే 24 లీటర్లు, నలుగురికి. "దారిలో డేరా హోటళ్ళు వుంటాయిలే పెదనాన్నా" అన్నాడు మావాడు.

బారాలాచా లా కనుమ దగ్గర్లో రోడ్డుకి అడ్డంగా ఒక వాగు పారుతోంది. ఆ కొండల్లో వాగుకి ఒక గుణముంది. పొద్దున పూట సన్నగా వుంటుంది, ఎండకి మంచు కరిగి మధ్యాహ్నానికి పొంగుతుంది. మేం పోయేసరికి మూడు దాటింది. నడి వాగులో లారీ ఒకటి దిగబడిపోయింది. వెనక్కి పోదామంటే మా వెనకాల బండ్ల వరస. తెల్లారేదాకా అక్కడే.

రాత్రి చలి ఎముకల్లోకి దిగింది. అర్ధరాత్రికి ఆరు సీసాలు మిగిలాయి. ఒక పిల్లవాడికి తలనొప్పి, రెండు వాంతులు. వాగు పక్కనే వుంది కదా అంటారేమో. అది బురద నీళ్ళు. కాచుకోవడానికి మా దగ్గర స్టౌ లేదు. నెత్తి మీద 60 లీటర్ల డీజిలుంది, గొంతు తడుపుకోడానికి మాత్రం సీసాలు లెక్కపెట్టుకుంటున్నాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక నా లెక్క చెబుతాను. ట్రాక్టర్ తోలేవాడికి కిలోమీటర్ల లెక్క వుండదు, గంటల లెక్క. దమ్ము చేసేటప్పుడు ఎకరం దూరమే తిరిగినా డీజిల్ తాగుతూనే వుంటుంది. ఘాట్ రోడ్డూ అంతే. తారు రోడ్డు మీద లీటరుకి 13 ఇచ్చే బండి ఆ ఎత్తులో, ఆ గుంతల్లో, ఒకటో గేరు రెండో గేరులో 8 ఇస్తే గొప్ప అనుకోవాలి. 365కి, పక్కకి సో మోరిరి సరస్సు చూడ్డానికి ఇంకో 150 కలపండి. 515 అయ్యింది. ఎనిమిదితో భాగిస్తే సుమారు 64 లీటర్లు. దారి మూసేసి వెనక్కి రావాల్సొస్తే ఎట్లా అని దాని మీద పావు వంతు, 16. ట్యాంకు అడుగున లెక్కలోకి రాని 5. మొత్తం 85. ట్యాంకులో 57 పోగా కావాల్సింది 28. అంటే రెండు క్యాన్లలో పదిహేనేసి లీటర్లు చాలు. మూతిదాకా నింపకూడదు కూడా. ఎత్తుకి పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి క్యాను వుబ్బుతుంది, పైగా ఎండ. మూత తీసేటప్పుడు మెల్లగా తీయాలి. దారిలో కొత్త బంకు వచ్చిందని ఎవరన్నా చెప్పినా, లేదనుకునే లెక్క వేయండి.

డీజిల్ బొత్తిగా అయిపోనిస్తే ఏమవుతుందో రైతుకి చెప్పక్కర్లేదు. లైనులో గాలి పడితే మళ్ళీ డీజిల్ పోసినంత మాత్రాన స్టార్ట్ కాకపోవచ్చు, గాలి తీయాలి. మన చేలో అయితే మెకానిక్ వస్తాడు. అక్కడ ఎవడొస్తాడు?

నీళ్ళకి మనిషికి రోజుకి ఐదు లీటర్లు వేసుకోండి, తాగడానికీ వంటకీ. రెండు రోజుల దారికి మూడు రోజులవి పెట్టుకోవాలి, మూడోది ఇరుక్కుపోయే రోజు. నలుగురికి 60 లీటర్లు, రేడియేటర్‌కని ఇంకో 5. అక్కడ చెమట పట్టదు గనక దాహం తెలియదు, కానీ పొడి గాలికి ఊపిరితోనే ఒంట్లో నీరు పోతుంది. నీళ్ళు తాగితే ఎత్తు జబ్బు పోతుందని నేననడం లేదు. దానికి మందు కిందికి దిగడమే. కానీ ఒంట్లో నీళ్ళు తగ్గితే మనిషి ఇంకా చిక్కిపోతాడు, ఏది జబ్బో ఏది దాహమో తెలీదు.

బరువు చూడండి. 65 లీటర్ల నీళ్ళు 65 కిలోలు. 30 లీటర్ల డీజిల్ సుమారు 25 కిలోలు. 90 కిలోలంటే రెండు యూరియా బస్తాలు. దాన్ని బండి పైకెక్కిస్తే మలుపులో బండి ఒరుగుతుంది. నీళ్ళు బండిలో కింద, ఇరుసుల మధ్యకి వచ్చేట్టు పెట్టాలి. ఒకే పెద్ద డ్రమ్ము వద్దు. సగం నిండిన ట్యాంకర్ గట్టెక్కేటప్పుడు ట్రాక్టర్‌ని ఎట్లా లాగుతుందో మనకి తెలుసు. పైగా ఒక్క డ్రమ్ము పగిలితే అన్నీ పోతాయి. నాలుగైదు చిన్న క్యాన్లయితే ఒకటి పోయినా మిగతావి వుంటాయి. రాత్రి గడ్డకడితే పగలకుండా వాటిలో కొంచెం వెలితి వుంచాలి.

"ఇన్ని మోసే బదులు అక్కడే కొనుక్కోవచ్చు కదా" అని మీలో కొందరంటారు. నిజమే, మామూలు రోజున దొరుకుతాయి. కానీ మనం లెక్క వేసేది మామూలు రోజుకి కాదు. ఇంకో సంగతి, ఆ నీళ్ళు ఎవరివి?

తెల్లారి వాగు తగ్గాక అవతల డేరా హోటల్‌కి చేరాం. అక్కడి ఆమె ఊట దగ్గర్నుంచి క్యాన్లు మోసుకొస్తోంది. మా పిల్లవాడి ముఖం చూసి అడక్కుండానే వేడి నీళ్ళిచ్చింది. అంతలో మావాళ్ళలో ఒకడు అద్దం మీద బురద కడగడానికి బకెట్ నీళ్ళు అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

లేహ్‌లో ఏడాదికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. మన దగ్గర ఒక్క తుపానుకి అంత పడుతుంది. అక్కడి రైతు బార్లీ పండించేది మంచు కరిగిన నీళ్ళతో. ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే మనిషిని చుర్‌పోన్ అంటారు, మన చెరువుల కింద నీరటికాడు, నీరుగంటి వున్నట్టే. విత్తనం వేసే ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు చాలకనే సోనమ్ వాంగ్‌చుక్ చలికాలపు నీటిని మంచు గుట్టలుగా నిలబెట్టే పద్ధతి తెచ్చాడు. అట్లాంటి చోట మనం ముందుచూపు లేకుండా పోయి బకెట్ అడగడమంటే, చివరి తడికి ఎదురుచూసే రైతు కాలవకి గండి కొట్టడమే.

ఈ ఏడాది పోయేవాళ్ళకి నా మాట ఒక్కటే. ముందు నీళ్ళు నింపండి, తర్వాత డీజిల్. మీకు కావాల్సినవి మీరే మోసుకుపోండి. ఆ పైన కూడా పక్క బండివాడు దాహమని అడిగితే ఒక సీసా ఇచ్చేట్టు వుండాలి.

ఇంట్లో ఇట్లా బయల్దేరే పిల్లలుంటే ఈ లెక్క వాళ్ళకి చదివి వినిపించండి. నా లెక్కలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను.