ఒక కలుపు పీకితే ఇంకో కలుపు

వానలు ముదిరాయంటే కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ డాకుల ముందు హుగ్లీ మీద పచ్చటి దీవులు తేలుతూ వస్తాయి. మనం గుర్రపుడెక్క అనే మొక్కే అది. బెంగాలీలకు కచురిపానా. ఊదారంగు పూలకు ముచ్చటపడి దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఈ అతిథి 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ చేరింది. కొన్ని దశాబ్దాల్లోనే పడవల దారులను, వరి చేలను, చేపల చెరువులను కమ్మేసింది. దాన్ని నిర్మూలించడానికి 1936లో బెంగాల్‌లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. 1937 ఎన్నికల్లో అదొక వాగ్దానం కూడా. పార్టీలు మారాయి, దేశమే రెండయింది. గుర్రపుడెక్క మాత్రం కదల్లేదు.

పోనీ, అది నిజంగానే పోయిందనుకుందాం. ఆ నీళ్లలోకి తామరా కలువా తిరిగొస్తాయా? అమెరికా అనుభవం చూస్తే అంత ధీమా కలగదు.

గుర్రపుడెక్కకు అదే ఖండం నుంచి వచ్చిన పోటీదారు ఒకటుంది. ఇంగ్లిష్‌లో ఎలిగేటర్ వీడ్ అంటారు. మన పొన్నగంటి కూరకు దగ్గరి చుట్టం. పొన్నగంటి పూలు కాండానికి అంటుకుని ఉంటే, దీని తెల్లటి పూలు పొడవాటి కాడ చివర పూస్తాయి. ఇది 1960ల్లో మన దేశపు వృక్షాల జాబితాకెక్కింది. బెంగాల్ చెరువుల్లో ఇప్పుడు మామూలే. గుర్రపుడెక్క నడినీటిలో తేలుతుంది. ఇది గట్టున వేళ్లూని, బోలు కాడలతో నీటి మీదికి చాప పరుస్తుంది. రెండింటికీ కావలసింది ఒకటే: ఎండ, మురుగుతో బలిసిన నీళ్లు.

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో గుర్రపుడెక్క మీద 2,4-డి మందు కొట్టారు. అది చచ్చింది. ఆ మందును తట్టుకునే ఎలిగేటర్ వీడ్ ఖాళీ అయిన జాగాను ఆక్రమించింది. దాని పని పట్టడానికి 1964లో దక్షిణ అమెరికా నుంచి ఒక చిన్న పెంకు పురుగును తెచ్చి వదిలారు. పురుగు బాగానే పనిచేసింది. కొన్నిచోట్ల గుర్రపుడెక్క మళ్లీ పరుచుకుంది. ఇన్నాళ్లూ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకున్న శత్రువులన్నమాట. ఒకదాన్ని కొడితే రెండోదానికి మేలు చేసినట్టే.

మన దేశంలోనూ 1980ల్లో బెంగళూరు శాస్త్రవేత్తలు గుర్రపుడెక్కను తినే ముక్కు పురుగులను చెరువుల్లో వదిలారు. మంచి ఫలితాలే వచ్చాయి. కానీ ఆ పురుగు గుర్రపుడెక్కను తప్ప దాని పోటీదారును ముట్టదు. యంత్రాలతో కోస్తే ఇంకో చిక్కు. ఎలిగేటర్ వీడ్ కణుపు ముక్క ఒక్కటి చాలు, కొత్త మొక్క లేవడానికి. కోసి గట్టున పోసిన కుప్పే నారుమడి అవుతుంది.

మనిషి చేతి సాయమూ దానికి తక్కువేం కాదు. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ శ్రీలంక కుటుంబాలు 1990ల్లో దీన్ని తమ ‘ముకునువెన్న’ (అంటే మన పొన్నగంటే) అనుకుని పెరళ్లలో పెంచుతున్నట్టు బయటపడింది. పొన్నగంటి ఇష్టపడే మన ఇళ్లలోనూ ఆ పొరపాటు జరగొచ్చు.

తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు, మన కొల్లేరు 2002లోనే రామ్‌సర్ జాబితాలో చేరాయి. రెండుచోట్లా చేపే జీవనాధారం. ఇలాంటి చోట ఎన్ని టన్నుల గుర్రపుడెక్క తీశారన్నది ఒక్కటే లెక్క కాకూడదు. తీసిన జాగాలో ఏడాది తర్వాత ఏం మొలిచిందన్నది అసలు లెక్క. నీటినీ గట్టునూ ఒకేసారి శుభ్రం చేయాలి. ఖాళీ అయిన చోట తామర, కలువ లాంటి స్థానిక మొక్కలు నాటాలి. అన్నిటికీ మించి, చెరువులోకి వచ్చే మురుగును ఆపాలి. టెండర్లు మాత్రం సాధారణంగా మొదటి పనికే పిలుస్తారు. మురుగు పారినంతకాలం ఏదో ఒక కలుపు దాన్ని తిని బతుకుతూనే ఉంటుంది. పేరు మారుతుంది, అంతే.