బంతి గొడవలో అమ్మకేం పని?



మొన్న మా హాస్టల్ గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడుతుంటే బంతి లోపల పడిందా, బయట పడిందా అని గొడవ మొదలైంది. రెండు నిమిషాల్లో బంతిని వదిలేసి ఇద్దరి అమ్మల మీదికి పోయింది. ఒకరి అమ్మ ఆ టైంలో మిర్చి తోటలో కాయ ఏరుతోంది. ఇంకొకరి అమ్మ చనిపోయి ఏడాది కాలేదు. ఆ తమ్ముడు ఎదురు తిట్టలేదు. రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే బ్యాగు సర్దుకుని ఊరికి పోయాడు.

మేం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ తిట్టు ఒక్కసారైనా తిట్టనివాడు మాలో లేడు. కాబట్టి ఇది ఎవరికో నీతి చెప్పడానికి రాయడం లేదు.

గొడవ ఇద్దరు మగవాళ్లది. మధ్యలో ఆమె ఎందుకు? ఎందుకంటే ఆడమనిషిని మగవాడి సొత్తుగా, ఇంటి పరువుగా లెక్కేస్తారు. పగోడి చేను మేపితే కసి తీరినట్టు, అమ్మనో అక్కనో అంటే వాడి సొత్తును పాడు చేసినట్టు లెక్క. తండ్రెవరో తెలియదనే తిట్టు కూడా అంతే. ఆస్తి, ఇంటిపేరు, కులం తండ్రి నుంచే వచ్చే చోట ఆ ఒక్క మాట చాలు, మనిషిని బజార్లో నిలబెట్టడానికి. గొడవ ఎవరిదైనా మచ్చ ఆమెకే.

‘ముండ’ అనే మాటే చూడండి. దాని అర్థం విధవ, తల గొరిగించిన ఆడమనిషి. భర్త పోతే గుండు చేయించి మూల కూర్చోబెట్టిన ఆచారం కొన్ని పెద్ద కులాలది. మన కోయ, గోండు ఊళ్లలో భర్త పోయిన ఆడమనిషి మళ్లీ మనువు చేసుకోవడం తప్పు కాదు. మరి ఆ మాట మన నోట్లోకి ఎట్లా వచ్చింది? మనల్ని తక్కువగా చూసినవాళ్ల తిట్లే నేర్చుకుని మన అమ్మల మీద వాడుతున్నాం.

అట్లని మనం కడిగిన ముత్యాలం కాదు. కుల పంచాయితీలో ఎంతమంది ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుతున్నారు? భూమి సంగతి చూడండి. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. 2005లో ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చిన సవరణ అందుకే మన అక్కచెల్లెళ్ల దాకా రాలేదు. 2025 జులైలో ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు వాళ్లకూ సమానంగా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు చెప్పేదాకా మనం ఎందుకు ఆగాలి? సెంటు భూమి కూడా ఆమె పేరున పెట్టం కానీ, ఇంటి పరువంతా ఆమె నెత్తిన పెడతాం.

ఆ పరువు బరువు ఎంతో వాకపల్లి ఆడవాళ్లకు తెలుసు. 2007 ఆగస్టులో 11 మంది ఆదివాసీ మహిళలు తమపై అత్యాచారం జరిగిందని గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023లో కోర్టు నిందితులను వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. మచ్చ తమదే అనుకుంటే వాళ్లు ఇంట్లోనే నోరు మూసుకుని ఉండేవాళ్లు. అనుకోలేదు కాబట్టే 16 ఏళ్లు నిలబడ్డారు. వాళ్ల కోసం ధర్నాలో నినాదాలు ఇచ్చి, సాయంత్రం గ్రౌండ్‌లో అవే బూతులు తిడితే మన నినాదానికి విలువేముంది?

రెండేళ్లకోసారి మేడారం పోయి బెల్లాన్నే బంగారమని మొక్కు చెల్లిస్తాం. అక్కడ గద్దెల మీద కొలిచేది తల్లిని, కూతురిని. జంపన్నను సమ్మక్క కొడుకనే చెప్పుకుంటాం. తల్లి పేరు చెప్పుకోవడమే గొప్ప అయిన చోటి నుంచి వచ్చి, ఆ పేరునే తిట్టు చేశాం.

మేం హాస్టల్లో ఒక మాట అనుకున్నాం. కోపం వస్తే ఎదుటివాడు చేసిన పనినే తిట్టాలి. ‘దొంగాట ఆడినవ్’ అంటే సరిపోతుంది. ఆదివారం నలుగురం ఆ తమ్ముడి ఊరికి పోయాం. తిట్టినవాడే ముందు మాట్లాడాడు. వాళ్ల నాయన ఏమీ అడగలేదు, అందరికీ జావ పోశాడు. సోమవారం తమ్ముడు క్లాసుకి వచ్చాడు.

మీ హాస్టల్లో, మీ ఊళ్లో కూడా ఈ మాట ఒకసారి కూర్చుని మాట్లాడండి.

జై ఆదివాసీ.